ఐదో పేరు

ఎంపిక బల్ల ముందు నిలబడి, ఒలింపిక్స్‌కు జట్లను ఎలా తీసుకుంటారో ముగ్గురు పెద్దమనుషులకు పూస గుచ్చినట్టు చెప్పి, మా మనవరాలికి రాష్ట్ర జట్టులో చోటు ఇప్పించినవాణ్ణి నేను. సూరత్‌లో మేముండే అమ్రోలిలో మా తెలుగువాళ్లు ఎవరిని అడిగినా ఇదే మాట చెబుతారు. చెప్పక ఏం చేస్తారు, వాళ్లకు చెప్పింది నేనే కదా.

అందులో నిజమెంతో తర్వాత ఒప్పుకుంటాను. ముందు సంగతి చెప్పనివ్వండి.

మాది సిరిసిల్ల దిక్కు. మీసాలు సరిగ్గా రాకముందే సూరత్ వచ్చి సాంచెల మీద, అంటే మరమగ్గాల మీద, పనికి కుదిరాను. నలభై ఏళ్లు ఆ చప్పుడులోనే గడిచాయి. ఇప్పుడు మోకాళ్లు మొరాయించి ఇంటిపట్టున ఉంటున్నాను. కొడుకు పల్సానాలో రంగుల మిల్లులో సూపర్‌వైజరు. వాడి కూతురు పదకొండో తరగతి. ఆమె చదివే బడికి ఫెన్సింగ్ నేర్పే సారు ఒకాయన వస్తే, మిగతా పిల్లలు రెండు వారాలు ఆడి మానేశారు. ఈమె మానలేదు.

ఆమె ఆడేది ఫాయిల్ అనే సన్నటి కత్తితో. మొనతో పొడవాలి, అదీ మొండెం మీదే. అందుకని మొండెం మీద లోహపు దారంతో నేసిన వెండి రంగు జాకెట్ వేసుకుంటారు. మొన దానికి తగిలితే రంగు దీపం వెలుగుతుంది, ఇంకెక్కడ తగిలినా తెల్ల దీపం. తెల్ల దీపానికి పాయింటు లేదు.

మా కొడుకు చెడ్డవాడు కాదు, కానీ వాడికి పన్నెండో తరగతి అంటే దడ. నిరుడు రాష్ట్ర ఎంపికలో పిల్ల పదకొండో స్థానంలో ఆగిపోయింది. ఈసారి ఒక్కటే మాట అన్నాడు. “జట్టుల నలుగురినే తీసుకుంటరు. ఆ నలుగురిల నీ పేరుంటే ఆడు. లేకుంటే కత్తి అటక మీద పెట్టుడే.” ఆమె “సరే పప్పా” అంది. అంత తొందరగా ఒప్పుకుందేమిటా అని నాకు భయం వేసింది.

ఒలింపిక్స్ లెక్క నాకు డుమస్‌లో తెలిసింది. ఆదివారం మనవరాలితో సముద్రం చూద్దామని వెళ్లి, రోడ్డు పక్కన టమాటా భజియా తీసుకుని కూర్చున్నాం. “ఒలింపిక్స్‌కు ఎట్ల పోతరు బిడ్డా?” అని అడిగాను. ఆమె ప్లేటులో ఎనిమిది భజియాలు ఏరి వరుసగా పెట్టింది.

“గివి ఎనిమిది దేశాల జట్లు తాత. ఒక్కో కత్తికి ఎనిమిది, మగోళ్లకు వేరే, ఆడోళ్లకు వేరే. ప్రపంచ ర్యాంకులల్ల మొదటి నాలుగు జట్లు సీదా పోతయ్.” నాలుగింటిని ఒక పక్కకు జరిపింది. “ఇగ మిగిలిన నాలుగు చోట్లు ఖండానికొకటి. ఆఫ్రికా, అమెరికా, యూరప్, ఆసియా. ఆస్ట్రేలియా దిక్కువాళ్లు మన ఆసియాలనే. సీదా పోయినోళ్లను పక్కకు పెట్టి, మిగిలినోళ్లల్ల ఎవరు ముందుంటే వాళ్లకు. కానీ ర్యాంకు పదహారు లోపట ఉండాలె.”

“పదహారు లోపట ఆ ఖండమోళ్లు ఎవ్వరు లేకుంటే?”

“ఆ చోటు వరుసల తర్వాత ఉన్న వేరే జట్టుకు పోతది. తాత, నువ్వు ఆఫ్రికాను తింటున్నవ్.”

నేను అప్పటికే సగం నమిలేశాను. ఆమె యూరప్‌ను తీసి ఆఫ్రికా చోటులో పెట్టింది.

ఒంటరి పోటీల సంగతి ఇంకో ఆదివారం చెప్పింది. జట్టుగా అర్హత సాధించిన దేశం నుంచి ముగ్గురు ఒంటరి పోటీలోనూ ఆడతారు. జట్టు లేని దేశాల వాళ్ల కోసం ప్రపంచ ర్యాంకుల జాబితా తీసుకుని, జట్టు వెళ్లిన దేశాల పేర్లన్నీ కొట్టేస్తారు. కొట్టేయగా మిగిలిన పేర్లలో పైనున్న వాళ్లకు ఖండాల వారీగా కొన్ని చోట్లు, దేశానికి ఒక్కరే. అప్పటికీ చోటు రాని దేశాల వాళ్లకు చివరగా ఖండానికో పోటీ. గెలిచిన ఒక్కరు వెళతారు, రెండో వాళ్లు ఇంటికి.

ఇదంతా ఒక్కసారి వింటే వచ్చేసిందని చాయ్ బండి దగ్గర చెప్పుకున్నాను. నాలుగు ఆదివారాలు పట్టింది. నాకు బాగా నచ్చింది మాత్రం ఒక్కటే. అదే నాతో పాటు సాంచెలు నడిపి రిటైరైన మా బావకు చెప్పాను.

“మన ఆసియాల బలంగున్న జట్టు ఉంటది చూడు బావా, అది మంచిగ ఆడాలని మనం మొక్కాలె.”

“శత్రువు మంచిగుండాలని మొక్కుడేంది?”

“అది మొదటి నాలుగిట్ల పడితే సీదా పోతది. ఆసియా చోటు ఖాళీగ ఉంటది. వెనకున్నోళ్లకు దొరుకుతది.”

మా బావ చాయ్ ఊదుకున్నాడు. “నీకు మస్తు సరిపోయింది ఈ ఆట. పని పక్కోడు చేయాలె, చోటు నీకు రావాలె.”

నవ్వాను గానీ, ఆ మాట అబద్ధం కాదు. కొత్తగా వచ్చినప్పుడు ఆరు నెలలు దారం కండెలు మోశాను. నా ముందు వరసలో ఉన్న వరంగల్ మనిషి పనిమంతుడు, వాడిని మేస్త్రీని చేశారు. వాడు పైకి వెళితేనే వాడి సాంచెలు నా చేతికి వచ్చాయి. వాడికి పనిలో పేరు రాకపోయి ఉంటే నేను ఇంకెన్నాళ్లు కండెలు మోసేవాణ్ణో. ఆ సంగతి వాడికి ఎప్పుడూ చెప్పలేదు. ఇప్పుడు వాడు లేడు.

ఇక జాకెట్ సంగతి. మా మనవరాలిది ఎవరో పెద్ద పిల్ల వాడి ఇచ్చినది. ఎంపికకు వారం ముందు దాని కుడి పక్కటెముకల దగ్గర అరచేతిలో సగమంత మేర చచ్చిపోయింది. అక్కడ మొన తగిలినా రంగు దీపం వెలగడం లేదు. సారు దాన్ని బాగుచేసే వాళ్లకు పంపుదామన్నాడు. నేను పంపనివ్వలేదు. “నలభై ఏండ్లు దారంతోని బతికిన. సూరత్‌ల కూసోని జరీ పని వేరేటోళ్లకు పంపుడేంది?” అన్నాను.

జరీ దారం తీసుకుని, నిలువూ అడ్డమూ నేసినట్టు రెండు రోజులు కూర్చుని కుట్టాను. నేత చూస్తే ముచ్చటేసేది. వెండి జాకెట్ మీద బంగారు మచ్చ.

ఎంపిక రోజున నేను, కొడుకు, పిల్ల అడాజణ్ వైపు ఒక ఇండోర్ హాలుకు వెళ్లాం. ఆట మొదలవకముందే జాకెట్లు పరీక్షిస్తారు. ఆ పరీక్ష బల్ల దగ్గరి మనిషి రెండు మొనలున్న పరికరం తీసి నా మచ్చ మీద ఆనించాడు. దీపం వెలగలేదు. ఇంకోచోట ఆనించాడు. వెలగలేదు. “యే క్యా లగాయా హై?” అన్నాడు, ఇదేం కుట్టావన్నట్టు.

“జరీ హై సాబ్. సూరత్ కా జరీ.”

ఆయన దారాన్ని గోటితో గీరి చూపించాడు. పైన మెరుపు, లోపల ప్లాస్టిక్. వెండి తీగ చుట్టిన పాత జరీలో కరెంటు పారుతుంది, ఇప్పటి ప్లాస్టిక్ జరీలో పారదు. జాకెట్ పక్కన పెట్టేశాడు.

దుకాణంవాడు మోసం చేశాడని చాలామందికి చెప్పాను. ఏ దుకాణంవాడూ లేడు. మా కోడలు ఇంట్లో చీరలకు అంచులు కుట్టే పని తెచ్చుకుంటుంది. ఆ బుట్టలోంచి మెరిసే రీలు తీశాను. అది ప్లాస్టిక్ అని నాకు తెలుసు. నలభై ఏళ్లు ఆ దారాల మధ్య ఉన్నవాడికి తెలియకుండా ఎలా ఉంటుంది? అసలు జరీ కోసం పాత వీధుల దాకా నడవడానికి మోకాళ్లు బద్ధకించాయి. బ్యాటరీ, బల్బు పెట్టి చూసుకున్నా తెలిసేది. అదీ చేయలేదు. చూడటానికి బాగుంది కదా అని ఊరుకున్నాను.

పిల్ల దాన్ని తీసుకుంది. జాకెట్ చేత్తో పట్టుకుని నిలబడింది. పక్కన ఇంకో అమ్మాయి వాళ్ల అమ్మతో నిలబడి ఇదంతా చూస్తోంది. గుజరాతీ వాళ్లు, పోటీల్లో మా పిల్లకు ముఖపరిచయం. ఆ నలుగురిలో చోటు కోసమే వచ్చింది ఆమె కూడా. వాళ్లమ్మ సంచి తెరిచి, అదనంగా తెచ్చుకున్న జాకెట్ తీసి మా పిల్ల భుజం మీద వేసింది. “పెహేరీ లే, బేటా” అంది, వేసుకోమని.

నాకు నోరు ఊరుకోదు కదా. “మీ అమ్మాయితోనే ఆడాల్సి వస్తే?” అని హిందీలో అడిగాను.

“తో రమ్‌శే” అంది ఆవిడ. అయితే ఆడుతుంది, అంతేగా అన్నట్టు.

పొద్దున చిన్న గుంపుల్లో ఆటలు, ఐదు పాయింట్లకు. మా మనవరాలు ఐదు ఆటల్లో నాలుగు గెలిచింది. వాటిలో చివరిది నా కళ్ల ముందు ఇప్పటికీ ఆడుతూనే ఉంది. నాలుగు నాలుగు. ఒక్క పాయింటు మిగిలింది. ఎదుటి పిల్ల మీదికి వస్తోంది, మా పిల్ల వెనక్కి, ఇంకా వెనక్కి, మడమ గీతకు తగిలేదాకా. అప్పుడు మణికట్టు చిన్నగా తిప్పింది. పచ్చ దీపం, మా పిల్ల వైపుది. నేను లేచి చప్పట్లు కొట్టాను.

మధ్యాహ్నం ఎనిమిది మంది మిగిలారు. గెలిచిన నలుగురూ జట్టు. మా పిల్లకు ఎదురుగా వచ్చింది జాకెట్ ఇచ్చిన ఆ అమ్మాయే. ఒకే ఇంటి జాకెట్లు రెండూ ఎదురెదురుగా నిలబడ్డాయి. పదిహేను పదకొండుతో మా పిల్ల ఓడింది. ముసుగు తీసి చెయ్యి కలిపింది, జాకెట్ విప్పి మడిచి వాళ్లమ్మకు ఇచ్చింది. వచ్చి నా పక్కన కూర్చుంది.

కొడుకు ఆమె కత్తుల సంచి జిప్పు మూశాడు. “మంచిగనే ఆడినవ్” అన్నాడు. ఆమె తల ఊపింది. ఇంకేం మాట్లాడినా ఏడుస్తుందని ముగ్గురికీ తెలుసు.

సాయంత్రం జాబితా అతికించారు. ఓడిన నలుగురిలో పొద్దుటి ఆటలు ఎక్కువ గెలిచినందుకు మా పిల్లది ఐదో పేరు. కానీ రెండో పేరు మీద గీత ఉంది. ఆ అమ్మాయి ముందురోజు ఎపే అనే ఇంకో రకం కత్తిలో మొదటి స్థానం తెచ్చుకుంది. రెండు జట్లలో ఉండనివ్వరట, ఏదో ఒకటి చెప్పమంటే ఎపే అంది. ఆ పేరు కొట్టేసి కింది పేర్లను ఒక్కో మెట్టు పైకి జరిపారు. నాలుగో చోటులో మా మనవరాలు.

ఇప్పుడు ఆ ఎంపిక బల్ల సంగతి. గీత చూడగానే లేచి వెళ్లిన మాట నిజం. “సాబ్, ఒలింపిక్ మే భీ ఐసా హీ...” అని, ఒలింపిక్స్‌లోనూ ఇంతేనని మొదలుపెట్టిన మాటా నిజం. అక్కడి మనిషి తలెత్తకుండానే, “దాదా, పాంచ్ నంబర్ కో లే లియా. ఆప్ బైఠో” అన్నాడు, ఐదో నంబరును తీసుకున్నాం కూర్చోమని. వచ్చి కూర్చున్నాను. నేను ఇప్పించిన చోటు అంతే.

కొడుకు ఆ జాబితాను ఫోన్‌లో ఫొటో తీసుకున్నాడు. అటక మాట మళ్లీ ఎత్తలేదు. వచ్చే నెల జాతీయ పోటీలు. అక్కడి నుంచి దేశం జట్టుకు, దేశం నుంచి ఆ భజియాల ప్లేటుకు ఎంత దూరమో నాకిప్పుడు తెలుసు కాబట్టి, ఒలింపిక్స్‌కు పోతోందని ఊళ్లో చెప్పడం తగ్గించాను. పూర్తిగా మానలేదు.

ఎపే ఎంచుకున్న ఆ అమ్మాయి పేరు కూడా నాకు తెలియదు. ఆమె అక్కడ ఇంకా బాగా ఆడాలని రోజూ అనుకుంటాను. జాకెట్ ఇచ్చిన తల్లిని తలుచుకుంటే చేతులు వాటంతటవే జోడించుకుంటాయి. తన కూతురికి పోటీ అని తెలిసి ఇచ్చింది. నన్ను ఒక్క మాటా అనని మా పిల్లకు కూడా నేను రుణపడి ఉన్నాను. నా బతుకులో నాకు దొరికినవన్నీ పైనున్నవాళ్లు బాగుపడితే దొరికినవే. ఆమెకూ అలాగే దొరికింది, అదృష్టం కలిసొచ్చింది అని రాశాను.

మా మనవరాలికి తెలుగు మాట్లాడటం వచ్చు, చదవడం రాదు. అందుకని ఇదంతా పైకి చదివి వినిపించాను. కత్తికి తగిలించే వైరు చుట్టుకుంటూ చివరిదాకా విన్నది. చుట్టిన వైరు సంచిలో పెట్టి అంది:

“పొద్దున ఆటలప్పుడు నువ్వు లోపటనే లేవు తాత. జాకెట్ ఫెయిల్ అయినంక బయటికి పోయి చెప్పుల కాడ కూసున్నవ్, లంచ్ దాకా రాలే. చూసింది పప్పా. చివరి ఆట నాలుగు నాలుగు కాదు, ఐదు ఒకటి. నేను వెనక్కే పోలే. గా నాలుగు గెలిచిన కాబట్టే ఐదో పేరు నాది. లేకుంటే ఎవరి పేరు కొట్టేసినా ఇంకోళ్లకు పోతుండె. అదృష్టం అని రాసింది కొట్టెయ్.”