అక్క సీట్లో ముహూర్తపు చీర

నేను చెప్పబోయే మాట పద్దెనిమిదేళ్లుగా నాలోనే ఉండిపోయింది. నిన్నటిదాకా నా భార్యకు కూడా చెప్పలేదు. ఏ ఖర్చు ఎందుకు చేశానో ఏళ్ల తరువాతైనా సాక్ష్యంతో చెప్పగల మనిషినని మా బంధువర్గంలో పేరున్న నేను, ఈ ఒక్క విషయంలో ఎవరూ సాక్ష్యం అడగరన్న ధైర్యంతో బతికాను. ఎవరూ అడగలేదు కూడా. అదే నన్ను తినేసింది.

మాది చిత్తూరు. బెల్లం మండీలో లెక్కలు చూసే ఉద్యోగం నాది. మా అన్న బొంబాయిలో వ్యాపారం చేసేవాడు. ఆయన భార్య పురిట్లోనే పోతే, ఆ పసిబిడ్డ కమలను చిత్తూరులో మా అక్క పెంచింది. అక్క అప్పటికే భర్త పోయి మా ఇంట్లో ఉండేది. కమలకు పదేళ్లు వచ్చాక అన్న బొంబాయికి తీసుకుపోయాడు. స్వాతంత్ర్యం వచ్చిన మరుసటి ఏడాది ఆ పిల్లకు అక్కడే పెళ్లి కుదిరింది.

మా ఇళ్లలో ముహూర్తానికి పెళ్లికూతురు కట్టేది పట్టుచీర కాదు. ఎర్ర అంచు తెల్ల నూలుచీరను పసుపునీళ్లలో తడిపి ఆరబెట్టి కడతారు. ఆ చీర నేల తాకకూడదు. ఇతర బట్టల కింద పడకూడదు. చేతుల్లోనే పెళ్లింటికి చేరాలి. దాన్ని నేయించడానికి అక్క నేతగాళ్ల ఊరైన నగరికి ఎన్నిసార్లు తిరిగిందో! పసుపు మాత్రం ఎదురింటావిడ చేత పెట్టించి, తాను దూరంగా నిలబడి చూసింది. తాను ముట్టకూడదని ఆమెకు ఒకరు చెప్పవలసిన పని లేదు. ఈ సంగతిని గుర్తుంచుకోండి. నేను చేసిన పనికి ఏ సాకూ లేదని దీనివల్లే తెలుస్తుంది.

నేతగాడికి జబ్బు చేసి చీర ఆలస్యమైంది. రైల్లో పోతే ముహూర్తానికి అందదు. అన్న మద్రాసు నుంచి విమానానికి రెండు టికెట్లు ఏర్పాటు చేసి, అక్కను తప్పక తోడుకొని రమ్మని కబురు పంపాడు. టికెట్లు తెచ్చుకునేందుకు మద్రాసు వెళ్లినప్పుడు చీర సంగతి అడిగాను. అక్కడి గుమాస్తా నవ్వి, పెట్టెలకే తూకమనీ, అంత చిన్న మూటను ఒళ్లో పెట్టుకుని కూర్చోవచ్చనీ చెప్పాడు.

తిరిగి వచ్చి అక్కతో ఏమన్నాను? లోపలికి చేత్తో తెచ్చే వస్తువుకు కూడా ఒక సీటు ఇవ్వాలట అన్నాను. ఉన్నవి రెండే అన్నాను.

ఎందుకన్నాను? బొట్టు లేని మనిషి ముహూర్తపు చీరతో విమానం దిగితే మగపెళ్లివారు గొణుగుతారని భయపడ్డాను. వాళ్లు అలాంటివాళ్లని నాకు ఎవరైనా చెప్పారా? లేదు. అన్న హెచ్చరించాడా? లేదు. అది పూర్తిగా నా ఊహ. కమల మంచి కోసమే చేశానని చాలాకాలం నాకు నేను చెప్పుకున్నాను. ఇప్పుడు నిజాయితీగా వెతికి చూస్తే, ఆ బొంబాయి ధనికుల ముందు అక్కను వెంటబెట్టుకుని నడవడానికి నేను సిగ్గుపడ్డానేమో, ఆ పిల్ల పరుగెత్తుకొచ్చి ముందుగా ఆమెనే కౌగిలించుకోవడం చూడలేకపోయానేమో అన్న అనుమానం కూడా బయటపడుతోంది.

అక్క సులభంగా వదిలిపెట్టలేదు. చీరను తాను ముట్టకుండా గుడ్డలో మూట కట్టించి ఒళ్లో పెట్టుకుంటానంది. మనిషి తూకాన్నీ చీర తూకాన్నీ కలిపి ఒక సీటు ఓర్వదన్నాను. మరునాడు ఉదయం ఆమె మండీకే వచ్చేసింది. పెద్ద తక్కెడ దగ్గర నిలబడి, తూకం వేసే మునిరత్నాన్ని పిలిచింది.

"నన్ను తూకమెయ్యప్పా."

"ఏ సంతకు పంపాలక్కా నిన్ను?" అన్నాడు వాడు. హమాలీలు పకపకా నవ్వారు.

"బొంబాయికి. గాలిలో పోతాను."

కొంగు బిగించి తక్కెడ పళ్లెంలో కూర్చుంది. మునిరత్నం రెండో పళ్లెంలో రాళ్లు వేశాడు. నాలుగో రాయికే అక్క పైకి లేచింది.

"సూడక్కా, అప్పుడే ఎగిరిపోతా ఉండావు. నీకు విమానం యాల? ఇట్నే పో!"

ఆమె కూడా నవ్వింది. ఆ పళ్లెంలో ఊగుతూనే నా వైపు తిరిగింది. "సూసినావా? చీరతో కలిపినా నీ అంత లేను. పెట్టె తేను. మారు బట్ట గూడా వద్దు. పెండ్లిలో ముందుకు రాను, యాడన్నా వెనక నిలబడతాను. ఇప్పుడు సరిపోతాదా?"

నేను కళ్లు మూసుకుని లెక్క వేస్తున్నట్టు పెదవులు కదిపాను. ఏ అంకె అనుకున్నానో తెలియదు. అసలు ఏమీ అనుకోలేదు.

"మనిషి ఎంత తేలికైనా ఒక సీటే అక్కా. రూలు అట్లుండాది."

అక్క పళ్లెం దిగింది. "అయితే చీరనే తీసుకపో. చీర లేకుండా బిడ్డ పెండ్లి జరగదు. నేను లేకుండా జరుగుతాది."

నా లెక్కను ఆమె అనుమానించలేదు. ఇంట్లో ఎవరూ ఎన్నడూ అనుమానించలేదు.

రెండో టికెట్టును వాపసు చేస్తే అన్న కారణం అడుగుతాడని అలాగే ఉంచుకున్నాను. విమానం ఎక్కాక పక్క సీటు ఖాళీగా ఉంది. నా ఒళ్లో మూటను చూసి అక్కడి ఉద్యోగి, "అంతసేపు మోయడం ఎందుకండీ, పక్కన పెట్టుకోండి" అని మర్యాదగా అన్నాడు. పెట్టాను. జారిపోకుండా సీటు పట్టీని అతనే దాని చుట్టూ బిగించాడు. బొంబాయి చేరేదాకా నేను కిటికీ వైపే చూస్తూ కూర్చున్నాను. కింద ఏయే ఊళ్లు దాటామో ఒక్కటీ గుర్తు లేదు.

పెళ్లిలో అందరికీ అక్కకు జ్వరమని చెప్పాను. మగపెళ్లివారి వైపు ఒక ముసలావిడ ఉంది. పెళ్లికొడుకు నాయనమ్మ. ఆమెకూ బొట్టు లేదు. వధూవరులు మొదట ఆమె కాళ్లకే మొక్కారు.

అబద్ధం అక్కడితో ఆగలేదు. చీర కోసం ఎండలో తిరగడం వల్లే అత్తకు జ్వరం వచ్చిందని కమల కుమిలిపోయి ఉత్తరాలు రాసేది. అక్కకు చదువు రాదు. చదివి వినిపించేది నేనే. ఆ వాక్యాలు వదిలేసి చదివేవాణ్ణి. కమల బిడ్డను ఎత్తుకుని ఒకసారి చిత్తూరు వచ్చినప్పుడు, మండీకి సెలవు పెట్టి, వాళ్లిద్దరినీ ఒంటరిగా వదలకుండా వెంటే తిరిగాను. మరోవైపు అక్క వీధి పిల్లలకు గొప్పగా చెప్పుకునేది: "నన్ను మొయ్యలేనని విమానమే దండం పెట్టిందిరా!" పిల్లలు నవ్వేవారు. నేను లోపలికి వెళ్లిపోయేవాణ్ణి.

అక్క పోయి నాలుగేళ్లయింది. బతికుండగా చెప్పగలిగిన రోజులు ఎన్ని పోగొట్టుకున్నానో నాకు తెలుసు.

నిన్న కమల తిరుపతి నుంచి తిరిగి వెళుతూ మా ఇంట్లో దిగింది. కాఫీ తాగుతూ మళ్లీ ఆ జ్వరం మాటే ఎత్తి, తన వల్లేనని కళ్లు తుడుచుకుంది. ఇక నా వల్ల కాలేదు. అంతా చెప్పాను. తక్కెడ సంగతి, పట్టీ సంగతి, ఉత్తరాల సంగతి. ఆమె గ్లాసు కింద పెట్టింది.

"అత్తకు తెలుసా చిన్నాయనా?"

"తెలియదు."

క్షమించాననలేదు. తిట్టలేదు. బస్సు వేళకు లేచి, నేను స్టాండు దాకా వస్తానంటే వద్దని చేయి అడ్డం పెట్టి వెళ్లిపోయింది. మళ్లీ మా గడప తొక్కుతుందో లేదో తెలియదు. తొక్కకపోతే అడిగే హక్కు నాకు లేదు. అయినా, ఇది రాయడానికి సిగ్గుగానే ఉంది, ఆమె వెళ్లాక ఎన్నో ఏళ్ల తరువాత ఊపిరి నిండుగా తీసుకున్నాను. ఆ పిల్ల తనది కాని తప్పును ఇక మోయదు.

సాయంత్రం నా భార్యకు చెప్పాను. కమలకు చెప్పేటప్పుడు మాట తడబడింది. నా భార్యకు చెప్పేటప్పుడూ తడబడింది. మీకు మాత్రం తడబడకుండా చెబుతున్నాను: ఆ విమానంలో మా అక్కకు సీటు ఉంది. ఆమెను రానివ్వనిది నేను.