ఎస్తేరు మేడం నురగ లెక్కలు

మొన్న వాకాడు బ్యారేజీ గేట్లు ఎత్తారు. గట్టు మీద నిలబడ్డ నా ముఖానికి చల్లని తుంపర తగిలింది. గేటు కింద నుంచి దూసుకొచ్చిన నీళ్లు, ముందున్న, నెమ్మదిగా కదులుతున్న నీళ్లను గుద్దుకుని ఒక్కసారిగా పైకి లేచి, సుళ్లు తిరుగుతూ తెల్లటి నురగ కక్కాయి. మా చదువులో దీన్ని హైడ్రాలిక్ జంప్ అంటారు. నాకు మాత్రం ఆ నురగ చూస్తే ఎస్తేరు మేడం గుర్తొస్తారు. నెల్లూరులో నా పరిశోధనకు గైడు ఆవిడ. సొంతూరు కోవూరు. ఆ నురగలోకి ఎంత గాలి చేరుతుందో, బుడగలు ఎంతెంత ఉంటాయో కొలవడానికే ఉద్యోగకాలమంతా వెచ్చించిన మనిషి.

మా ల్యాబులో అద్దపు గోడల సన్న కాలువ ఒకటి ఉండేది. మేడంకు పేరు తెచ్చిన సూత్రం అందులో పుట్టిందే. చిన్న కాలువలో కొలిచిన గాలి లెక్క పెద్ద కాలువకూ సరిపోతుందని దాని సారం. రిటైరయ్యే ముందు ఆవిడే పట్టుబట్టి వెడల్పాటి కాలువ కట్టించి, దాన్ని పరీక్షించే పని నాకు అప్పగించారు. సూదిలాంటి సెన్సరును నురగలో ఉంచి కొలిచాను. లెక్క కలవలేదు. పెద్ద కాలువలో గాలి బాగా ఎక్కువగా ఉంది. పొరపాటు నాదేననుకుని మళ్ళీ మళ్ళీ కొలిచాను. చివరికి భయపడుతూనే గ్రాఫు ఆవిడ ముందు పెట్టాను.

"సెన్సరు మార్చి చూసినావా?"

"చూసినాను మేడం. అట్టే వస్తా ఉంది."

"అయితే నాదే తప్పు," అని నవ్వారు. అది సంతోషమో, మరేమిటో నాకు అంతుపట్టలేదు.

ఆవిడ వీడ్కోలు సభలో అందరూ పొగడ్తలకు సిద్ధమై కూర్చుంటే, మేడం మొదట నా గ్రాఫే చూపించారు. "ఈ అమ్మాయి కొలిచింది. దీని ముందు నా సూత్రం నిలవదు," అన్నారు. బయటికొచ్చాక ఒక లెక్చరరు, "పోయే రోజున ఆయమ్మ పరువు తీసినావు గదమ్మా," అన్నాడు. గర్వపడాలో సిగ్గుపడాలో తెలియక ఆవిడ వెంట ఆటో ఎక్కాను. పెన్న వంతెన దాటాక ఇక ఉండబట్టలేక అడిగాను.

"మీకు బాధ లేదా మేడం?"

"ఎందుకుండదుమే? ఇంటికి పోయి ఏడుస్తానేమో. ఇప్పుడైతే ఆకలేస్తా ఉంది. ఈడ కారం దోసె బాగుంటది, దిగు."

ఆవిడ ఇష్టంగా తిన్నారు. నేనే దోసెను ముక్కలు చేస్తూ కూర్చున్నాను.

పోయినేడు మేడం కన్నుమూశారు. చర్చిలో ప్రార్థన అయ్యాక ఆవిడ చెల్లెలు నన్ను గుర్తుపట్టింది. "ఆ పొద్దు సభ నుంచి అక్క ఇంటికొచ్చి తలుపేసుకునింది. పిలిచినా పలకలా. తెల్లారినాక మాత్రం వచ్చినోళ్లందరికీ నీ మాటే. నన్ను మించిపోయింది మా పిల్ల అని చెప్పుకునింది," అంది. నేను ఆవిడకు ఇచ్చింది దుఃఖమా, సంతోషమా? తేల్చుకోకుండానే ఇంటికొచ్చాను.

ఇప్పుడు నేనూ పరిశోధన చేయిస్తున్నాను. నా లెక్క తప్పని ఎవరైనా గ్రాఫు తెచ్చి చూపిస్తే గుండె కలుక్కుమంటుంది. "మళ్ళీ కొలువు" అంటాను. అయినా అదే వస్తే, "వచ్చే సదస్సులో ముందు నీదే చూపిద్దాం" అంటాను. ఆ మాట అనేటప్పుడు నా ముఖం ఎలా ఉంటుందో నాకు తెలియదు. పిల్లలు మాత్రం ఏమీ అర్థంకానట్టు నా వైపే చూస్తూ నిలబడతారు.