ఘాట్ బస్సులో గంట తాడు

నా చిన్నప్పుడు అరకు వెళ్లే బస్సులో గంట తాడు లాగడం నాకు పెద్ద సరదా. అది కప్పు కింద ముందు నుంచి వెనకదాకా ఉండేది. అమ్మ ఎత్తుకుంటేనే అందేది. అమ్మ పోయాక, నాన్నతో తిరిగి కొండెక్కిన రోజున నేను ఆ తాడు వైపు చూడలేదు.

నాన్నకి అరకులో ఉద్యోగం. జబ్బు చేసిన అమ్మని కొండ కింద శృంగవరపుకోట ఆసుపత్రికి దింపుకొచ్చాం. అక్కడే పోయింది. అక్కడే దహనం చేసి, కార్యాలు ముగించి బస్సెక్కాం. నాకు ఒకటే భయం. మేం ఇల్లు చేరిపోతాం, అమ్మ ఇక్కడే ఉండిపోతుంది, ఆవిడకి దారి ఎవరు చూపిస్తారు? అదే నాన్నని అడిగాను. ఆయన కిటికీ వైపు తిరిగిపోయాడు.

మా ముందు సీట్లో ఒక కొండ ముసలమ్మ కూర్చుంది. ఆమె పక్క సీటు ఖాళీ, దాని మీద మడతపెట్టిన తువ్వాలు. బస్సు నిండా జనం నిలబడి ఉన్నా అక్కడ ఎవరూ కూర్చోలేదు. సంతకి ఎండుచేపలు తీసుకెళ్లే బేరగాడొకడు మాత్రం ముసలమ్మతో, “అప్పా, ఆ తువ్వాలు తియ్యే, కూకుంటాను” అన్నాడు.

“కనబడతలేదేటి? అక్కడ ఆడు కూకున్నాడు. నువ్వు నీ సేపల్తో నిలబడు” అన్నాడు కండక్టరు.

బేరగాడు నవ్వబోయి, కండక్టరు మొహం చూసి, బుట్టతో సహా అవతలికి జరిగాడు.

ఘాట్ మొదలయ్యేసరికి మంచు కమ్ముకుంది. పట్టపగలే డ్రైవరు దీపాలు వేశాడు. మలుపు వచ్చినప్పుడల్లా ముసలమ్మ ఆ ఖాళీ సీటుతో మెల్లగా మాట్లాడేది. “మలుపొచ్చిందిరా. నా ఎనకే రా.” వాగు మీది కల్వర్టు వచ్చినప్పుడు, “గెడ్డ దాటతన్నాం, బయపడకు.” ఆమె కొడుకు కూడా అదే ఆసుపత్రిలో పోయాడని కండక్టరు నాన్నకి చెప్పాడు. బయట పోయినవాళ్లని ఇలా పిలుచుకుంటూ తెచ్చుకోకపోతే దారిలోనే తిరుగుతుంటారని వాళ్ల ఊళ్లో నమ్మకమట.

నేను ముందుకి వంగి, మా అమ్మని కూడా పిలుస్తావా అని అడిగాను.

“నా గొంతు మీ అమ్మ ఎరగదు కదే గుంటా. నువ్వే పిలు. పక్కన సోటుంచు.”

నేను నాన్నకేసి ఒదిగి కూర్చున్నాను. “అమ్మా, మలుపొచ్చింది” అన్నాను. కొన్ని మలుపులయ్యాక నాన్న కూడా కిటికీ వైపు జరిగి, నా పక్కన ఇంకాస్త చోటు చేశాడు.

బయట ఏమీ కనిపించని ఒక చోట గంట మోగింది. కండక్టరు ఇంజను పక్కన నిలబడి, రెండు చేతులతో డ్రైవరు ముందున్న అద్దం తుడుస్తున్నాడు. తాడు దరిదాపుల్లో ఎవరి చెయ్యీ లేదు. అది వెనకదాకా ఊగుతోంది. డ్రైవరు బస్సు ఆపాడు. ముసలమ్మ తువ్వాలు అందుకుని లేచింది. అది వాళ్ల ఊరి కాలిబాట.

తలుపు దగ్గర ఆమె పక్కకి జరిగి, “ఇల్లొచ్చింది, దిగరా” అంది. కాసేపు ఆగి తను దిగింది. కింద నుంచి నన్ను చూసి, “నువ్వూ దిగమని సెప్పాలి. మరిసిపోకు. సెప్పకపోతే దిగరు, బండిలోనే ఉండిపోతారు” అంది.

ఆ తరువాత కూడా పిలుస్తూనే ఉన్నాను. ఎప్పుడు నిద్రపోయానో తెలియదు. కళ్లు తెరిచేసరికి మా ఇంటి గుమ్మంలో నాన్న భుజం మీద ఉన్నాను. దూరంగా బస్సు వెళ్లిపోతున్న చప్పుడు. అమ్మని దిగమని చెప్పలేదంటూ నేను పెట్టిన కేకలకి ఇరుగుపొరుగు బయటికి వచ్చారు. మర్నాడు నాన్నే నా చెయ్యి పట్టుకుని స్టాండుకి తీసుకెళ్లాడు. వేరే బస్సు వచ్చింది. నిన్నటిదాన్ని ఏ రూటుకో మార్చేశారన్నారు. నాన్న బతికి ఉన్నంతకాలం మేం ఆ సంగతి మళ్లీ మాట్లాడుకోలేదు. కానీ రోడ్డు మీద పాత బస్సు ఎదురైతే ఇద్దరం కిటికీలు చూసేవాళ్లం.

ఈ చలికాలం, పాత బస్సులంటే ఇష్టమున్న కుర్రాళ్లు కొందరు తుక్కు కావలసిన బస్సొకదాన్ని బాగుచేయించి, అదే ఘాట్‌లో తిప్పారు. నేనూ ఎక్కాను. అదే బస్సో కాదో నాకు తెలియదు. తాడు మాత్రం అలాగే ఉంది. పక్కన చోటుంచి, ప్రతి మలుపులోనూ మెల్లగా పిలిచాను. అరకులో అందరూ దిగి ఫోటోలు తీసుకుంటున్నారు.

“ఆఖరి స్టాపండీ, మామ్మగారూ” అన్నాడు కండక్టరు వేషంలో ఉన్న కుర్రాడు.

నేను లేచి తలుపు దగ్గర పక్కకి జరిగాను. “అమ్మా, ఇల్లొచ్చింది. దిగు” అన్నాను.

ఖాళీ బస్సులో గంట ఒక్కసారి మోగింది. కుర్రాడు తాడు వైపు చూశాడు. నేను చూడలేదు. కాసేపు ఆగి దిగాను.

పోయినవాళ్లని పిలవడం చాలామందికి వచ్చు. ఇల్లు వచ్చిందని చెప్పడమే కష్టం. ఇప్పటికీ నేను ఏ బండి దిగినా తలుపు వెంటనే మూయనివ్వను.