నల్లకంబళ్ళవాళ్ళు చేన్లోకి ఎందుకొచ్చారు?

2017 ఏప్రిల్‌లో నన్ను శింగనమల వైపు ఒక శాఖా గ్రంథాలయానికి గ్రేడ్-3 గ్రంథపాలకురాలిగా వేశారు. హోదా పేరు పెద్దదే గానీ, అలాంటి చోట తాళం తీసేదీ, ఊడ్చేదీ, పుస్తకాలిచ్చేదీ ఒక్కరే. వెళ్ళగానే వేసవి శిబిరం నెత్తిన పడింది. సెలవుల్లో పిల్లలను పోగుచేసి రోజూ కథలు చదివి వినిపించాలని పైనుంచి ఆదేశం.

నేనొక మాయాలోకపు నవల ఎంచుకున్నాను. అందులో ఒక జాతి మొత్తం దుర్మార్గులే. నల్ల కంబళ్ళు కప్పుకుని, కర్రలు పట్టుకుని, కుక్కలను వెంటేసుకుని రాత్రిపూట పొలాల్లో దిగుతారు. వాళ్ళు పడుకున్న నేల బూడిదవుతుంది. వాళ్ళలో ఒక్కడికీ పేరు లేదు, ఒక్కడూ నోరు విప్పడు. చివర్లో యువరాజు అందరినీ నరికేస్తాడు. ఆ ఘట్టానికి పిల్లలు గంతులేశారు.

మర్నాడు భాగ్య రాలేదు. గొర్రెలు కాసే ఇంటి పిల్ల, ఐదో తరగతి. కూడబలుక్కోకుండా చదవడం ఆ వేసవిలోనే పట్టుబడింది. తను చదువుతుంటే నాకు కడుపు నిండేది. ఏమైందని అడిగితే, నరేష్ అనే రైతుబిడ్డ నేలచూపులు చూశాడు.

"వాళ్ళ నాయన గూడా నల్ల కంబళి కప్పుకుంటాడు గదా మేడమ్. బూడిదోళ్ళ పిల్లా అని ఎక్కిరిచ్చినాం."

నాకు ఆ రచయిత మీద ఒళ్ళు మండింది. కానీ నచ్చలేదని పుస్తకాన్ని తీసి పారేసే అధికారం మాకు లేదు. చిరిగిన పుస్తకాన్ని రద్దు చేయాలన్నా జిల్లా కార్యాలయం ఒప్పుకోవాలి. పైగా అది పిల్లలు మెచ్చిన కథ. సాయంత్రం భాగ్య ఇంటికి వెళ్ళాను. తల్లి వెనక నక్కి, "నేను రాను. ఇంక సదవను" అంది. ఆ రెండో మాటకు నా ప్రాణం ఉసూరుమంది. పుస్తకంలో ఒక విషయం రాయకుండా వదిలేశారనీ, అది చెప్పడానికి తనే రావాలనీ బతిమాలాను.

మర్నాడు వచ్చి గుమ్మం దగ్గరే నిలబడింది. కంబళ్ళవాళ్ళు చేన్లో దిగే పుట మళ్ళీ చదివి, అసలు వీళ్ళెందుకు వచ్చారని అందరినీ అడిగాను. ఇద్దరు ముగ్గురు వచ్చి పుటలోకి తొంగిచూశారు. పుస్తకంలో రాసుంటే కదా!

"పిలిస్తేనే వస్తారు మేడమ్" అంది భాగ్య. "గొర్ల మంద పండుకుంటే చేనికి ఎరువు. రైతులే మా ఇంటికాడికొచ్చి నాయనను పిలుస్తారు. రాత్రంతా మందకు కావలి ఆడనే ఉంటాడు. చలికి కంబళి కప్పుకోకుంటే ఎట్ల?"

నరేష్ బుర్ర గోక్కున్నాడు. "అవు మేడమ్. మా శెనక్కాయ చేనికి మా నాయన గూడా పిలుచుకొచ్చినాడు. మాయమ్మ సంగటి పంపిచ్చింది." భాగ్య వైపు తిరిగి, "మీ నాయనేనా మే ఆయప్ప?" అన్నాడు. తను తలూపింది.

"మరి యువరాజు యాలకు నరికినాడు?" అని వెనక నుంచి ఎవరో అడిగారు. ఇక ఆ గంటంతా యువరాజుకు చీవాట్లే. నాకు నవ్వు ఆగలేదు.

వెళ్ళేటప్పుడు భాగ్య ఆ పుస్తకాన్నే ఇంటికి అడిగింది. "నాయనకు సదివి చెప్తా. బో నగుతాడు" అంది.

రిటైరయ్యేదాకా ఆ నవలను ఏటా చదివి వినిపించాను. పిల్లల పుస్తకాన్ని దాచిపెట్టడం మా పని కాదు. కథలో నోరు లేనివాళ్ళ బిడ్డలు మన ముందు కూర్చుని ఉంటారు. వాళ్ళు మాట్లాడేదాకా పుట తిప్పకుండా ఆగడమే మా పని.