ఎదుటివాళ్ల జీపులో వచ్చిన కోచ్

డెబ్బైల చివర్లో ఒమన్‌లోని షినాస్‌లో రోడ్డు పని చేసేవాణ్ణి. మా కంపెనీ వాలీబాల్ జట్టుకు హైదరాబాద్ రహీం భాయ్ కోచ్. ఫైనల్ రోజు ఆయన ఎదుటి కంపెనీ జీపులోంచి దిగేసరికి మా గుండెలు జారిపోయాయి.

“భాయ్, పైసలకు మమ్మల్ని ఇడిసిపెడ్తున్నరా?” అన్నాను.

“అవు, వచ్చే నెల నుంచి డ్యూటీ వాళ్ల దగ్గర్నే. ఇంట్ల నలుగురు పిల్లలు, జీతం గావాలె. ఇయ్యాల్టి ఆట కూడా అమ్ముమన్నరు. నాతోని గాదన్న. నడువుండ్రి, నెట్ కాడికి!”

పోయిన ప్రాణం లేచొచ్చింది.

ఆ రోజు ఓడిపోయాం. అయినా చివరి పాయింటు దాకా ఆయన మాకోసం అరుస్తూనే ఉన్నాడు. కోచ్‌లు డబ్బు కోసమే పనిచేస్తారని ఎవరైనా అంటే, ఆ సాయంత్రం బొంగురుపోయిన ఆయన గొంతే గుర్తొస్తుంది.