కారుకు పెట్టిన కండువా

బెజవాడ పటమటలో, బందరు రోడ్డు పక్కన, తాటాకు షెడ్డులో లారీలు బాగుచేసే శౌరయ్యకు మంచి మేస్త్రీ అని పేరు. ఓర్వలేనివాడన్న పేరు మాత్రం లేదు. ఉండవలసిందే, కానీ ఆ గుణాన్ని అతను చొక్కా కింద బనీనులా ఎవరికీ కనపడకుండా తొడుక్కు తిరిగాడు. డెబ్బై ఒకటిలో ఆ ఎర్ర కారు రాకముందు, అతను కళ్లలో నిప్పులు పోసుకోవలసినంత వస్తువు ఊళ్లో ఏదీ లేదు.

కారు వెంకటకృష్ణారావుగారిది. ఆయనకు కానూరు దగ్గర రైసు మిల్లు ఉంది. మద్రాసులో ఒక జమీందారు కొడుకు మోజు తీరి వదిలించుకుంటుంటే ఈయన మోజుపడి తెచ్చుకున్నారు. ఇంగ్లండు నుంచి ఓడలో వచ్చిన బండి. రెండే తలుపులు, రెండే సీట్లు, మడిచేస్తే పోయే గుడ్డ టాపు, బారెడు ముక్కు, ఆ ముక్కు చివర నేలకు జానెడెత్తులో గాలి పీల్చే నోరు. గంటకు నూట యాభై మైళ్లు పోతుందని చెప్పుకున్నారు. పోవడానికి రోడ్డేదీ? ఏలూరు కాలువ గట్టు మీద గడ్డిబండి వెనకాల మొదటి గేరులో మూలుగుతూ పోయేది.

అలాంటి బండిని కొనడం ఒక ఎత్తు, ఉంచుకోవడం పది ఎత్తులు. కృష్ణారావుగారు దాన్ని మిల్లు గోదాములో పెట్టించారు. ధాన్యం తిని బలిసిన ఎలుకలు వైర్లు కొరికేవి. ఊక దుమ్ము రేడియేటరు సందుల్లో కూరుకుపోయేది. ఏ చిన్న సామాను పోయినా ఇంగ్లండు నుంచి రావాలి, రావాలంటే లైసెన్సు కావాలి, లైసెన్సు వచ్చేలోపు బండి తుప్పు పట్టాలి. అందుకని అన్నీ శౌరయ్యే పుట్టించాడు. బిరడా చెక్కషీటును మడత బ్లేడుతో కోసి ఇంజను అతుకుల్లో బిగించే గాస్కెట్లు చేశాడు. లారీ బెల్టు కోసి అతికించాడు. చలిదేశం ఇంజను మన ఎండకు కుతకుత ఉడికిపోతుంటే పెద్ద ఫ్యాను పెట్టి, నోటికున్న జాలీ తీసేసి, లోపలికి గాలి ఆడేట్టు చేశాడు. వేడి చూపించే ముల్లు ఒక్కటే అతని చేతికి లొంగలేదు. అది ఎప్పుడూ చల్లగా ఉన్నట్టే చూపిస్తుంది. శౌరయ్యకు దానితో పని లేదు, వాసన బట్టి చెప్పేసేవాడు.

ఇంత చేస్తే పేరెవరికి? రాయల్ హోటలు ముందు కారు ఆగితే కాఫీ తాగుతున్నవాళ్లు కప్పులతో సహా బయటికొచ్చేవారు. "ఎంత బాగా మెయింటెయిన్ చేస్తన్నారండీ" అనేవారు. "మనకి చిన్నప్పట్నించీ మిషన్లంటే పిచ్చి" అనేవారు కృష్ణారావుగారు, బానెట్టు ఎటు తెరుచుకుంటుందో తెలియని మనిషి. పక్క సీట్లో, ఒళ్లో పానాల సంచితో శౌరయ్య నవ్వు మొహం పెట్టుకు కూర్చునేవాడు. సొమ్మొకడిది సోకొకడిది అంటారే, ఇక్కడ సొమ్మూ సోకూ రెండూ ఆయనవే, చాకిరీ మాత్రం ఇతనిది.

రిపేరు చేశాక ట్రయలు పేరుతో రామవరప్పాడు దాకా తోలుకుపోయి తిరిగొచ్చేవాడు. అతని బతుకులో ఆ కారు అతనిదైంది ఆ కాసేపే. దారిలో ఎవరైనా ఎవరి కారని అడిగితే వినిపించనట్టు పోయేవాడు.

"నాకు జలుబు చేస్తే కరివేపాకు కషాయం తాగమంటావు. దానికి దగ్గొస్తే అన్నం మానేస్తావు" అనేది అతని భార్య అమలమ్మ.

"అది నా చేతిలో బతుకుతుందే."

"ఎవరి ఇంట్లోనో బతుకుతుంది. ముందు కాళ్లు కడుక్కురా."

డెబ్బై అయిదు వైశాఖంలో కృష్ణారావుగారి పెద్దకొడుక్కి మంగళగిరిలో పెళ్లి కుదిరింది. "మావాణ్ణి ఎర్రకారులో ఊరేగించాలయ్యా శౌరయ్యా. స్టీరింగు నీదే" అన్నారాయన ఒకరోజు, మీసం దువ్వుకుంటూ. పెద్దమనుషులు అలాంటి మాటలు చాలా అంటారు. శౌరయ్య దాన్ని గుండెలో రాసుకున్నాడు. వన్ టౌన్లో తెల్ల టెర్లిన్ గుడ్డ కొని చొక్కా కుట్టించాడు. గుణదల మాతకు కొవ్వొత్తి వెలిగించాడు. నెలరోజులు వేరే బండి ముట్టకుండా కారును విప్పి, కడిగి, బిగించాడు. వేలమంది చూస్తుండగా ఒక్కసారి, ఒక్క పూట, ఆ కారు తన చేతుల్లో నడవాలి. అంతకుమించి అతను ఏమీ కోరలేదు.

పెళ్లికి రెండు రోజుల ముందు మద్రాసు మెయిల్లో ఆమోసు దిగాడు. జమీందారు దగ్గర ఆ కారు కొత్తలో నడిపిన డ్రైవరు. ఇస్త్రీ నలగని తెల్ల యూనిఫారం, నెత్తిన టోపీ.

"ఆడపెళ్లివాళ్లు టోపీ డ్రైవరుంటే బావుంటుందన్నారయ్యా" అన్నారు కృష్ణారావుగారు. "నువ్వూ లారీలో రా. భోజనాలు బ్రహ్మాండంగా ఉంటాయి."

శౌరయ్య టెర్లిన్ చొక్కా తొడుక్కుని, మిల్లు లారీలో బియ్యం బస్తాల మీద కూర్చుని మంగళగిరి వెళ్లాడు. బ్యారేజీ మీద ఎర్రకారు లారీని దాటి ముందుకు పోయింది. ఇంజను చప్పుడు నేతిలో వేగినట్టు మెత్తగా ఉంది. ఆ మెత్తదనం తనది, స్టీరింగు మీద చేతులు ఇంకొకడివి. భార్యను ఎవడో ఎత్తుకుపోతుంటే చూస్తున్నవాడికి కూడా అంత మంట పుట్టి ఉండదు.

విడిది దగ్గర పొద్దున పదింటికి ఆడపెళ్లివాళ్లు పళ్లేలతో వచ్చి బట్టలు పెట్టారు. పెళ్లికొడుక్కి, అతని బాబాయిలకి, మేనమామలకి పెట్టారు. "కారు డ్రైవరెవరండీ" అని వెతికి ఆమోసుకు బొట్టుపెట్టి పంచెలచాపు చేతిలో ఉంచారు. శౌరయ్య ఒక అడుగు ముందుకేశాడు. పళ్లెం అతన్ని దాటిపోయి కారు ముందు ఆగింది. పెళ్లికూతురి తండ్రి మగ్గాల ఆసామి. అల్లుడు ఎక్కే వాహనానికి కూడా మర్యాద జరగాలన్నాడు. బానెట్టుకు పసుపు రాసి, బొట్టుపెట్టి, చేతిమందం జరీ కండువాను కారు ముక్కుకు చుట్టి, దాని మీద బంతిపూల దండ బిగించి కట్టించాడు. కారుకు కూడా బట్టలు పెట్టారని అందరూ మురిసిపోయారు. కారుకు పెట్టారు, కారును బతికించినవాడికి పెట్టలేదు. కండువా సరిగ్గా నోటిని మూసింది.

శౌరయ్యకు అది చూడగానే తెలిసింది. సన్నాయి మేళం వెనక నడక వేగంతో, మిట్ట ఎండలో, మూసిన నోటితో ఆ ఇంజను అరమైలు పోదు. గాస్కెట్లు కోసే బ్లేడు అతని జేబులోనే ఉంది. రెండు దారాలు తెంపితే చాలు.

అంతలో ఆమోసు టోపీ తీసి అతని దగ్గరికొచ్చాడు.

"మేస్త్రీగారూ, కొత్తలో కూడా ఇది ఇంత నిమ్మళంగా నడవలేదండీ. ఎవరి చెయ్యా అనుకున్నా. ఒక మాట. ఆ గుడ్డ ఉంచితే పరవాలేదంటారా? ఇప్పుడు దీని సంగతి నాకంటే మీకు తెలుసు."

నాలుగేళ్లలో ఆ మాట అన్న మొదటి మనిషి అతనే. ఇంకెవరు అని ఉన్నా శౌరయ్య కరిగిపోయేవాడు. ఆ టోపీ అన్నందుకు ఇంకా కాలింది.

"పాత డ్రైవరు మీరు. మీకు తెలీందేవుందండీ" అన్నాడు.

"ముల్లు చూసుకుంటూ పోతాలెండి."

ముల్లు చచ్చిపోయిందని చెప్పడానికి ఒక్క క్షణం చాలు. శౌరయ్య నోరు విప్పలేదు. కాస్త ఉడకాలి, వాడికి చెమట పట్టాలి, మేస్త్రీని పిలవండి అని పదిమందీ కేకేయాలి. అతను కోరింది అంతవరకే. దేవుడి మీద ఒట్టు, అంతవరకే.

ఊరేగింపు కదిలింది. శౌరయ్య జనంలో వెనక నడిచాడు. రెండో వీధి మలుపులో వాసన వచ్చింది. ఇంకో పది అడుగులు వేసేసరికి అతని ప్రాణం పోయినట్టయింది. జనాన్ని తోసుకుంటూ ముందుకు పరిగెత్తాడు. బాజాల హోరులో అతని కేక ఎవరికీ వినపడలేదు. అతను చేరేలోపే లోపల ఏదో టప్పున విరిగింది. కారు ఆగిపోయింది. బంతిపూల మధ్య నుంచి ఆవిరి లేస్తుంటే పిల్లలు చప్పట్లు కొట్టారు. పెళ్లికొడుకు దిగి నడిచి వెళ్లాడు.

శౌరయ్య కడ్డీ వేసి ఇంజను తిప్పబోయాడు. రాయిలా బిగుసుకుపోయింది. ఇంజను హెడ్డు పగిలింది.

కృష్ణారావుగారు పెళ్లిపందిట్లోనే ఆమోసును నానా మాటలూ అన్నారు. ఆమోసు తలవంచుకుని "నాదే తప్పండి. ముల్లు నమ్మాను" అన్నాడు. శౌరయ్య పక్కనే ఉన్నాడు. చేతుల గ్రీజు తుడుచుకుంటూ నిలబడ్డాడు. ఆమోసు పంచెలచాపు తిరిగి పళ్లెంలో పెట్టేసి స్టేషనుకు నడిచాడు. పోతూ పోతూ, "మీ పనంతా పాడుచేశాను మేస్త్రీగారూ" అని శౌరయ్యకు దండం పెట్టాడు.

పదిరోజులకు మిల్లు ఎడ్లు ఆ కారును తాడుతో లాక్కొచ్చి శౌరయ్య షెడ్డులో వదిలాయి. కృష్ణారావుగారు వెనకాల కొత్త అంబాసిడరులో వచ్చారు.

"దీంతో పడలేనయ్యా. పాత ఇనుం కింద ఇవ్వబుద్ధి కాలా. నాలుగేళ్లు కన్నబిడ్డలా చూసింది నువ్వు. నువ్వే ఉంచుకో" అన్నారు. కాగితం మీద సంతకం కూడా చేసిచ్చారు.

ఆయన వెళ్లాక అమలమ్మ కారు చుట్టూ తిరిగి చూసింది. ముక్కుకు కండువా అలాగే ఉంది, ఆవిరికి మాడి, ఎండిన పూలతో అట్టకట్టి. శౌరయ్య జేబులోంచి బ్లేడు తీసి రెండు దారాలు తెంపాడు. కండువా జారి నేల మీద పడింది.

"ఇంత తేలిగ్గా వచ్చేదేనా?" అంది అమలమ్మ. "మరి ఆరోజు ఎవరూ కొయ్యలేదేం?"

శౌరయ్య బ్లేడు మడిచి జేబులో పెట్టుకున్నాడు.

"నాకు కొయ్యబుద్ధి కాలేదే" అన్నాడు.