మా ఆయన గిటారు పందెం

మా ఆయన వెంకటరాజుగారికి యాభై నాలుగో ఏట గిటారు పిచ్చి పట్టిందండి. వంటింట్లో గ్రైండరు తిరిగినప్పుడల్లా ఠక్కు ఠక్కుమని కొట్టుకుంటోంది, బాగు చేయించండీ అని రెండేళ్ళుగా మొత్తుకుంటున్నాను. దానికి తీరిక లేదు. భీమవరం నుంచి రాజమండ్రి దాకా వెళ్ళి గిటారు కొనుక్కురావడానికి మాత్రం బోల్డంత తీరిక!

"కాలేజీ రోజుల్నుంచీ కోరిక మంగా" అంటూ దాన్ని తెచ్చి సోఫాలో పసిపిల్లని పడుకోబెట్టినట్టు పెట్టారు. నిజం చెప్పొద్దూ, తనకోసమని ఆయన కొనుక్కున్న మొదటి వస్తువు అదే. అంతకుముందు ఏం కొన్నా మా రొయ్యల చెరువులకో, పిల్లలకో, నాకో.

నేర్పడానికి విజయ్ పాల్ గారు వచ్చేవారు. ఆదివారాలు చర్చిలో వాయిస్తారాయన, మహా ఓపిక. "రాజుగారండీ, వేలు ఇంకాస్త గట్టిగా నొక్కాలండి" అని చెప్పిందే చెప్పేవారు. ఈయన ఎంతసేపూ ఒకటే పాట. మా పెళ్ళైన కొత్తలో కొవ్వూరు దాటి రైలు వంతెన ఎక్కగానే నా చెవిలో పాడిన పాట. పాట బంగారమే, ముక్కలు ముక్కలుగా నెలరోజులు వినడమే నరకం. ఓ పూట నాకు తిక్కరేగింది.

"ఏమండీ, దీన్ని చెరువు దగ్గరికి తీసుకుపోండి. పాటంతా ఎక్కడా ఆగకుండా వచ్చాక తెండి, హాల్లో గోడకి నేనే తగిలిస్తాను. మధ్యలో ఆగారంటే మాత్రం చర్చికి ఇచ్చేస్తాను."

"పందెమా?"

"పందెమే!"

"అయితే మేకు ఇప్పుడే కొట్టించుకో" అన్నారు మీసం దువ్వుకుంటూ.

అప్పట్నుంచి రోజూ సాయంత్రం రొయ్యలకి మేత వేయించి, చెరువు గట్టు మీది షెడ్డులో కూర్చునేవారు. నాలుగు నెలలు గడిచాయి. ఓ రోజు టిఫిన్ పట్టుకెళ్ళి షెడ్డు వెనకాల ఆగాను. చెరువులో రొయ్యలకి గాలి అందడానికి పెట్టిన ఏరియేటర్లు దబదబా నీళ్ళు చిమ్ముతున్నాయి. ఆ దెబ్బకి సరిగ్గా కాలితో తాళం వేసుకుంటూ ఈయన పాటంతా వాయించేశారు. నాకు కళ్ళల్లో నీళ్ళొచ్చాయి. చెబితే నెత్తికెక్కుతారని పైకి అనలేదు.

ఆ ఆదివారం మా అన్నయ్య భద్రిరాజు భోజనానికి వచ్చాడు. ఈయన గిటారు తెచ్చి దర్జాగా కుర్చీలో కూర్చున్నారు. "బావగారూ, మీరే సాక్షి" అని మొదలెట్టారు. రెండో లైనుకే ఆగిపోయారు.

"ఇంతేనా బావా!" అని అన్నయ్య నవ్వాడు. "పోన్లే, ఇంకో ఛాన్సు తీసుకో."

మళ్ళీ మొదలెట్టారు, మళ్ళీ అక్కడే ఆగారు. పందెం నేను గెలిచినట్టే. కానీ నా చూపు ఆయన కాలి మీద పడింది. కాలు రెండుసార్లు నేలకి తట్టి ఆగిపోతోంది, చెవి కిటికీ వైపు తిరుగుతోంది. అప్పుడు తట్టింది నాకు. ఈ మనిషి నాలుగు నెలలూ ఏరియేటర్ల దెబ్బ మీద నేర్చుకున్నారు. హాలు నిశ్శబ్దంగా ఉంటే ఆయనకి పాట ఎలా నడుస్తుంది?

"మూడోది ఆఖరు ఛాన్సు. నేను ఊఁ అనేదాకా మొదలెట్టకండి" అని వంటింట్లోకి వెళ్ళాను. గారెలకి నానబెట్టిన మినప్పప్పు అక్కడే ఉంది. గ్రైండర్లో పోసి స్విచ్ వేశాను. ఠక్... ఠక్... ఠక్...

"ఊఁ" అన్నాను.

గుమ్మంలో నిలబడి చూశాను. ఆయన తలెత్తి నా వైపు చూశారు. కాలు ఆ దెబ్బని అందుకుంది, వేళ్ళు అందుకున్నాయి. ఏరియేటర్ల కన్నా గ్రైండరు కాస్త నిదానం. అందుకేనేమో పాట చెరువు దగ్గరకన్నా బాగుంది. మొదట్నుంచి చివరిదాకా ఒక్క చోట ఆగితే ఒట్టు. మా అన్నయ్య నవ్వడం మానేసి చప్పట్లు కొట్టాడు.

ఆఖరి తీగ మోగేదాకా స్విచ్ తీయలేదు నేను. పిండి జారైపోయి గారెలు నూనె పీల్చేశాయి. ఒక్కళ్ళూ వంక పెట్టలేదు.

"ఓడిపోయావు మంగా" అన్నారు, నేను గోడకి గిటారు తగిలిస్తుంటే.

"ఓడిపోయాన్లెండి. మీకేమైనా కష్టమా?"

మర్నాడు పొద్దున్నే గ్రైండరు బాగు చేయడానికి మెకానిక్‌ని వెంటబెట్టుకొచ్చారు. రెండేళ్ళకి గుర్తొచ్చింది మహానుభావుడికి! గ్రైండరు మీద చెయ్యి వెయ్యనివ్వకుండా అతనికి కాఫీ ఇచ్చి పంపించేశాను.